కుక్కకు ఇంటి తిండి, ఇంటి వైద్యం: ఎంతవరకు పనికొస్తాయి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా సంగ్రహంగా చెప్తాను. మీది తిరుపతి. వీధిలో దొరికిన నాటు కుక్కను తెచ్చి పెంచుకుంటున్నారు. మూడేళ్ల ఆడకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బరువు 20 కిలోలు. ఇంట్లో ఒక పిల్లి కూడా ఉంది. మీ ఇంట్లో మాంసం వండరు, గుడ్డుకు మాత్రం అభ్యంతరం లేదు. ప్యాకెట్ తిండి పూర్తిగా మానిపించి పెరుగన్నం, రాగి సంగటి పెట్టవచ్చా, పిడుదుల మందుకు బదులు వేపనూనె, తెల్లగడ్డ (వెల్లుల్లి), పసుపు వాడవచ్చా అని అడిగారు. నెల రోజులుగా రోజూ రెండు తెల్లగడ్డ రెబ్బలు అన్నంలో నూరి పెడుతున్నామని కూడా రాశారు.

సూటిగా సమాధానం ఇది. ఇంటి తిండి పెట్టవచ్చు, అయితే ఉత్త పెరుగన్నంతో కుక్కకు తిండి పూర్తి కాదు. ఇంటి వైద్యం చర్మం పైన, ఇంటి గోడల మీద, ఒక పూట అజీర్తి మీద పని చేస్తుంది. రక్తంలో చేరిన జబ్బు మీద పని చేయదు. తెల్లగడ్డను ఈ రోజు నుంచే ఆపేయండి. పిల్లికి మాత్రం పై మాటల్లో ఏదీ వర్తించదు, దాని సంగతి చివర చెప్తాను.

నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదివి, చిత్తూరు జిల్లా పల్లెల్లో ఆవులను, మేకలను చూస్తూ సగం ఉద్యోగం గడిపి, ఆ తరువాత పట్టణంలో కుక్కలను, పిల్లులను చూడడం మొదలుపెట్టిన వాణ్ణి. అందువల్ల ఇంటి వైద్యం అనగానే కొట్టిపారేసే అలవాటు నాకు లేదు. ఆవుకు పొదుగువాపు వస్తే 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి పొదుగుకు పూయమని జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థే రైతులకు చెప్తోంది. నేను ఎన్నో కొట్టాల్లో దగ్గరుండి పూయించాను, ఆరంభ దశలో మంచి ఫలితాలు చూశాను. కానీ ఆవు పొదుగుకు పూసినది పొదుగు మీదే ఉంటుంది. కుక్క ఒంటికి ఏది పూసినా అరగంటలో సగం దాని నాలుక మీదుగా కడుపులోకి పోతుంది. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుంటే కుక్కల ఇంటి వైద్యంలో జరిగే పొరపాట్లలో చాలా వాటిని తప్పించవచ్చు.

ముందు తిండి సంగతి చూద్దాం. కుక్క తోడేలు జాతిది కాబట్టి దానికి అన్నం అరగదని ఈ మధ్య కొందరు గట్టిగా చెప్తున్నారు. అది నిజం కాదు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో చాలా ఎక్కువగా ఉన్నాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. మనిషి పొయ్యి పక్కన వేల ఏళ్లు బతికిన జంతువు అన్నం తినడం నేర్చుకుంది. మెత్తగా ఉడికిన అన్నం, సంగటి దానికి బాగానే అరుగుతాయి.

చిక్కు అరుగుదలలో లేదు, అందులో ఉన్న సరుకులో ఉంది. ఇరవై కిలోల బరువుండి, ఆపరేషన్ అయి, మామూలుగా తిరిగే కుక్కకు రోజుకు సుమారు 1,050 కిలోకేలరీలు కావాలి. అంత శక్తినీ పెరుగన్నంతోనే సమకూరిస్తే అందులో వచ్చే మాంసకృత్తులు అటూ ఇటూగా 25 గ్రాములు. పెద్ద కుక్క తిండిలో ప్రతి 1,000 కిలోకేలరీలకు 45 గ్రాములకు తగ్గకూడదన్నది అమెరికా పశు ఆహార ప్రమాణం. అంటే కడుపు నిండుతుంది, కండ నిలవదు. ఏళ్ల తరబడి పెరుగన్నం మీద పెరిగిన కుక్కలను నేను చూడగానే గుర్తుపడతాను: పొట్ట బొద్దుగా ఉంటుంది, తొడలు సన్నగా ఉంటాయి, వెంట్రుక కాంతి లేకుండా పీచులా ఉంటుంది. యజమానులు మాత్రం బాగా బలిసింది అనుకుంటారు.

మీ ఇంటి పద్ధతికి సరిపోయేలా ఒక రోజు కొలత రాస్తాను. ఇవన్నీ వండక ముందు తూకాలు, కంటి అంచనాతో కాక వంటింటి త్రాసులో తూచవలసినవి. బియ్యం 60 గ్రాములు, రాగిపిండి 40 గ్రాములు, ఉడికించిన గుడ్లు మూడు, పన్నీరు 80 గ్రాములు, మీల్ మేకర్ 30 గ్రాములు, పెసరపప్పు 30 గ్రాములు, గుమ్మడికాయ లేదా బీన్స్ లేదా క్యారెట్ 100 గ్రాములు, ఒక టీస్పూను నూనె, అర టీస్పూను గుడ్డు పెంకుల పొడి. దీన్ని రెండు పూటలుగా పెట్టండి. మాంసకృత్తులు 60 గ్రాములు దాటుతాయి, శక్తి మొత్తం మనకు కావలసినదానికి దగ్గరగా వస్తుంది. బయట వండించి తెచ్చే వీలుంటే పన్నీరు, మీల్ మేకర్, పప్పు, రెండు గుడ్లు తీసేసి వాటి స్థానంలో ఎముక లేని కోడిమాంసం 250 గ్రాములు వేయవచ్చు. అప్పుడు కుక్కకు ఇంకా సులువుగా అరుగుతుంది.

గుడ్డు పెంకుల పొడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి తిండిలో మన వాళ్లందరూ తప్పిపోయే చోటు అదే. పెంకులను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, లోపలి పొర ఊడదీసి, ఎండబెట్టి, పొడి మూకుడులో కాసేపు వేయించి మిక్సీలో వేయాలి. మొదటి తిప్పుకు రవ్వలా ఉంటుంది, ఆ దశలో ఆపకూడదు. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకుండా ముగ్గుపిండిలా అయ్యేవరకు తిప్పి, పలుచని గుడ్డలో జల్లించి సీసాలో పోసుకోవాలి. ఒక టీస్పూను పొడి సుమారు 5 గ్రాములు తూగుతుంది, అందులో కాల్షియం దాదాపు 1,900 మిల్లీగ్రాములు. రాగుల్లో కాల్షియం ఉంది కదా అని అడుగుతారు. ఉంది, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. ధాన్యాల్లో దానికి సాటి లేదు. కానీ 40 గ్రాముల రాగిపిండిలో వచ్చేది 140 మాత్రమే, అందులోనూ కొంత భాగాన్ని రాగిలో ఉండే ఫైటేట్ పట్టి ఉంచుతుంది. సంగటి తిన్న కుక్కకు ఎముక గట్టిపడుతుందని మన రాయలసీమ వాళ్లకు ఒక గర్వం ఉంది, నాకూ ఉంది, కానీ లెక్క వేస్తే అది చాలదు.

కాల్షియం తక్కువైతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబం నాలుగున్నర నెలల జర్మన్ షెపర్డ్ పిల్లను తీసుకొచ్చింది. ప్రకృతి సిద్ధమైన తిండే పెట్టాలన్న పట్టుదలతో వాళ్లు రెండు నెలలుగా దానికి ఎముక తీసిన కోడిమాంసం తప్ప మరేదీ పెట్టలేదు. సోఫా మీద నుంచి దూకిందట, వెనక కాలు ఆనించడం లేదు. ఎక్స్‌రేలో ఎముకలు కాగితం చుట్టినట్టు పలుచగా కనిపించాయి. తొడ ఎముక పచ్చి కొమ్మ వంగినట్టు మడత పడింది. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసుకోవడానికి శరీరం ఎముకల్లోంచే తోడుకుంటుంది. తిండి సరిచేసి, ఆరు వారాలు చిన్న గదిలో కదలకుండా ఉంచితే అది కోలుకుంది. దీనికి వ్యతిరేక దిశలో కూడా ప్రమాదం ఉంది: పెద్ద జాతి పిల్లలకు బలం రావాలని కాల్షియం సీసాలు ఇష్టానుసారం తాగిస్తే ఆ వయసులో వాటి పేగు అదనపు కాల్షియాన్ని అడ్డుకోలేదు, కీళ్లు వంకర తిరుగుతాయి. అందుకే పైన ఇచ్చిన కొలత పెద్ద కుక్కకే, పిల్లకు కాదు.

ఇంత చేసినా ఆ తిండిలో జింక్, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ తక్కువగానే ఉంటాయి. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పశువైద్యులు కుక్కల కోసం పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ ఉన్న 200 ఇంటి వంటకాలను లెక్కగట్టి చూస్తే, వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక్క అవసరమైన పోషకమైనా తగ్గింది. పశువైద్యులు రాసినవాటిలోనూ లోపాలు దొరికాయి, కాబట్టి నా మాటను కూడా గుడ్డిగా నమ్మకండి. కుక్కల కోసమే తయారైన విటమిన్, ఖనిజాల పొడిని మీ డాక్టరును అడిగి రోజూ కలపండి. లేదా నేను చాలామందికి చెప్పే మధ్యేమార్గం పాటించండి: ఒక పూట ప్యాకెట్ తిండి, ఒక పూట ఇంటి తిండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక మన వంటింట్లో ఉండి కుక్కకు పనికిరానివి. ఎర్రగడ్డ (ఉల్లిపాయ), తెల్లగడ్డ రెండూ ఒకే జాతివి. వాటిలోని గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడతాయి. కుక్క కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఎర్రగడ్డ తింటే రక్తంలో మార్పులు మొదలవుతాయి. తెల్లగడ్డ దానికంటే మూడు నుంచి ఐదు రెట్లు ఘాటు. మీ కుక్క బరువుకు రెండు రెబ్బలు వెంటనే ప్రాణం తీసే మోతాదు కాదు, భయపడవలసిన పని లేదు. కానీ రోజూ పెడితే దెబ్బతినే కణాలు రోజూ పెరుగుతాయి, పైగా దాని వాసనకు పిడుదులు పారిపోవడం నా అనుభవంలో ఎన్నడూ జరగలేదు. దాచడం ఎందుకు, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను కూడా తెల్లగడ్డ పెట్టమని చెప్పేవాణ్ణి. ఆరు కిలోల పొమేరియన్ ఒకటి నా చేతికి వచ్చిన రోజు మానేశాను. నేను చెప్పిన రెండు రెబ్బలను వాళ్లు ఐదు చేశారు, దానికి తోడు రోజూ సాంబారన్నం. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాల అంచున పొక్కుల్లాంటి బుడిపెలు. వేరే కుక్క రక్తం ఎక్కించి దాన్ని బతికించాం.

చింతపండు విషయం చాలామందికి తెలియదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయని ఎప్పటినుంచో తెలుసు, కారణం మాత్రం తేలలేదు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికాలోని విషవైద్య నిపుణులు ఇటీవలి కాలంలో ప్రతిపాదించారు; చింతపండు తిన్న కుక్కల్లోనూ అలాగే మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను 2022లో ప్రచురించారు. మన చింతపండు పులుపు చాలావరకు ఆ ఆమ్లానిదే. తరతరాలుగా చారన్నం తిని బతికిన కుక్కలు మన వీధుల్లో ఉన్నాయి కదా అంటారు. చారులో పలుచబడిన చింతపండు వేరు, పులిహోర గొజ్జు, చింతపండు ముద్ద వేరు. నా సలహా ఏమిటంటే, సంగటి పెట్టండి గానీ పులుసు పోయకండి. లడ్డు కూడా పెట్టకండి. ప్రసాదం కదా, కొంచెం నోట్లో వేస్తే ఏమవుతుంది అని తిరుపతిలో ప్రతి ఇంట్లోనూ అంటారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. కిలో బరువుకు సుమారు 3 గ్రాముల ఎండుద్రాక్షకే మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కలు ఉన్నాయి, ఏ కుక్కకు ఎంత పడుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఎండుద్రాక్ష వల్ల ప్రమాదం లేకపోయినా, అంత నెయ్యి ఒక్కసారి పడితే క్లోమం వాచిపోయే కుక్కలు ఉంటాయి.

జూన్, జూలైలలో మన జిల్లాకు ప్రత్యేకమైన జబ్బు ఒకటి ఉంది: మామిడి టెంక. పండు గుజ్జు కొంచెం పెడితే తప్పు లేదు, కానీ టెంకను నాకుతూ నాకుతూ కుక్క మింగేస్తుంది, అది పేగులో ఇరుక్కుంటుంది. వాంతులు ఆగకపోతే, ఇంట్లో మామిడిపండ్లు ఉన్న కాలమైతే, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. సగం రోజు వెతుకులాట తప్పుతుంది. ఉడికిన ఎముకలు పెట్టకూడదన్నది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది ఇంకొకటి: మాంసం దుకాణాల దగ్గర చవకగా వచ్చే పచ్చి ఊపిరితిత్తులు, కార్జం ముక్కల్లో ఒక బద్దెపురుగు తిత్తులు ఉండవచ్చు. కుక్క వాటిని పచ్చిగా తింటే దాని పేగులో పురుగు పెరుగుతుంది, దాని మలం ద్వారా గుడ్లు మన చేతికి, నోటికి చేరి మన కాలేయంలో తిత్తులు కడతాయి. బాగా ఉడికించి పెడితే ఆ భయం ఉండదు.

పిడుదుల సంగతికి వస్తాను. గోమార్లు అని కూడా అంటారు, పేరు ఏదైనా మన ఇళ్లలో కుక్కల మీద కనిపించేది గోధుమరంగు పిడుదు. కుక్క ఒంటి మీద దాన్ని చూసి అక్కడే దాని కాపురం అనుకుంటాం. నిజానికి దాని జీవితంలో ఎక్కువ భాగం గడిచేది మీ ఇంటి గోడ పగుళ్లలో. ఆడపిడుదు రక్తం తాగి కందిగింజంత అయ్యాక రాలిపోయి, గోడ పాకి, పగులులోనో తలుపు చట్రం వెనకో దూరి వేల గుడ్లు పెడుతుంది. టార్చి వేసి చూడండి, కుక్క పడుకునే చోట గోడకు మోకాలెత్తు నుంచి పైకి, మెంతిగింజల్లా అతుక్కుని కనిపిస్తాయి. తిండి లేకుండా నెలల తరబడి అక్కడ ఉండగలవు. అందుకే కుక్కకు ఎంత వేపనూనె రాసినా వారం తిరిగేసరికి మళ్లీ ఎక్కుతాయి.

ఇంటి పద్ధతులకు నిజంగా బలం ఉన్న చోటు ఈ గోడే. పగుళ్లను సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టించండి, కుక్క పడుకునే గోనెపట్టాను, దుప్పటిని వారానికొకసారి మరిగే నీళ్లలో ముంచి మండుటెండలో ఆరేయండి. రోజూ సాయంత్రం చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల మధ్య వెతికి పటకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి సబ్బునీళ్లలో వేయండి. గోటితో చిదమకండి. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్లతో స్నానం చేయిస్తే దురద తగ్గుతుంది, చర్మానికి హాయిగా ఉంటుంది, నేను మా ఇంట్లోనూ చేస్తాను. దానితో పిడుదులు చావవు. వాటిని చంపడానికి మాత్రం డాక్టరు చెప్పిన మాత్రో, మెడ మీద వేసే చుక్కలో వాడక తప్పదు. ఒక్క జాగ్రత్త, కుక్క కోసం తెచ్చిన, పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న చుక్కలు పిల్లికి విషం. మీ ఇంట్లో రెండూ ఒకే చాప మీద పడుకుంటాయని రాశారు కాబట్టి మాత్ర మేలు.

పిడుదును నేను ఇంత పట్టించుకోవడానికి కారణం అది తాగే చుక్క రక్తం కాదు. ఎర్లీషియా, బబేసియా వంటి క్రిములను అది కుక్క రక్తంలోకి ఎక్కిస్తుంది. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం. ఒక లాబ్రడార్‌కు ముక్కు నుంచి రక్తం పడుతుంటే వేడి చేసిందని మూడు వారాలు సబ్జా నీళ్లు తాగించారు, బొప్పాయి ఆకు రసం పోశారు, ఒంటికి పసుపు పట్టించారు. నా దగ్గరికి వచ్చేసరికి ప్లేట్‌లెట్లు దాదాపు లేవు, మూలుగ కూడా దెబ్బతింది. రెండో రోజు చనిపోయింది. బొప్పాయి ఆకు గురించి నాతో చాలామంది వాదిస్తారు. అది ప్లేట్‌లెట్లను పెంచుతుందనే అనుకుందాం. తెల్లకణంలో దాక్కున్న ఎర్లీషియాను అది చంపదు కదా. దాన్ని చంపే డాక్సీసైక్లిన్ చవకైన మందు, డాక్టరు తూకం చూసి ఇచ్చిన మోతాదును 28 రోజులు ఆపకుండా వాడాలి. బబేసియాకు మందు వేరు. ఏది ఉందో తేలాలంటే రక్తపరీక్ష చేయించాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, 1955 నాటి కళాశాల, ఆ సదుపాయం ఊళ్లోనే ఉండడం మీ అదృష్టం.

ఇంట్లో చూసుకోదగినవి కూడా ఉన్నాయి. పెద్ద కుక్కకు ఒకటి రెండుసార్లు పలుచగా విరేచనమై, హుషారుగానే ఉంటే, ఒక పూట తిండి ఆపి నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచి, తరువాత మెత్తటి అన్నంలో కొంచెం పెరుగు, ఉడికిన గుమ్మడికాయ కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి. ఇక్కడ పెరుగన్నమే మందు. రక్తం పడినా, వాంతులు తోడైనా, కుక్క ముడుచుకుని పడుకున్నా ఆగకండి. ఆరు నెలల లోపు పిల్లకు పస్తు పెట్టకూడదు, ఇంట్లో ఆగనూ కూడదు, ఎందుకంటే అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. పార్వో పిల్లకు సెలైన్ ఎక్కించడంలో జాప్యమైన ప్రతి గంటా లెక్కే.

మేలో రేణిగుంట వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. అప్పుడు రాగి అంబలిలో పలుచని మజ్జిగ కలిపి పోయండి, చాలా మంచిది. మనం తాగే అంబలిలో ఎర్రగడ్డ ముక్కలు, పచ్చిమిరప, ఉప్పు ఉంటాయి; కుక్కది ముందే వేరుగా తీసిపెట్టాలి. ఎండదెబ్బ తగిలి నాలుక ఎర్రబడి ఎగశ్వాస తీస్తుంటే ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను కింద ఉంచి, ఆ తడితోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొన్నింటిని అసలు ముట్టుకోకండి. పిడుదులకు కిరోసిన్ పూయడం, కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాయడం, పుండులో పురుగులు పడితే కలరా ఉండలు నూరి పోయడం, వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు తాగించడం. వీటిలో ప్రతి ఒక్కటీ నేను కనీసం ఒక్కసారైనా చూశాను, కర్పూరానికి మూర్ఛ వచ్చిన కుక్కను కూడా చూశాను. కుక్క ఎవరినైనా కరిస్తే ఆకుపసరు, సున్నం, కారం అనే మాటే ఎత్తకండి. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకాకు వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

పిల్లి సంగతి చెప్తానన్నాను. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి, మీ ఇంటి పద్ధతికి మారదు. టారిన్ అనే పదార్థాన్ని అది తనంతట తాను తగినంత తయారుచేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తక్కువైతే కంటిచూపు పోతుందని 1970లలో, గుండె కండరం బలహీనపడి సాగిపోతుందని 1987లో తేలింది. పాలన్నం మీద పెరిగిన పిల్లుల్లో రెండూ నేను చూశాను. మీరు మాంసం వండరు కాబట్టి, పిల్లికి ప్యాకెట్ తిండే కొనసాగించండి. దానికి వేపనూనె, ఇతర సుగంధ తైలాలు రాయవద్దు. కుక్క విరిచిపారేసే చాలా పదార్థాలను పిల్లి కాలేయం విరవలేదు. పారాసిటమాల్ కూడా అంతే. ఒళ్లు వేడిగా ఉందని అర మాత్ర వేస్తే చిగుళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగి, ముఖం వాచి, కొన్ని గంటల్లో ఊపిరి అందదు.

ఇప్పుడు మీరు చేయవలసినవి. తెల్లగడ్డ ఆపాక కుక్క పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో గులాబీ రంగుకు తిరిగి రావాలి. చిగురు పాలిపోయి కనిపించినా, రంగు ఆలస్యంగా వచ్చినా రేపే రక్తపరీక్ష చేయించండి. బాగానే ఉంటే కొత్త తిండిని ఒక్కరోజులో మార్చకుండా, పాతదానిలో నాలుగో వంతు తీసి ఆ మేరకు కొత్తది కలపడంతో మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తి చేయండి. నెలకొకసారి కుక్కను ఎత్తుకుని త్రాసు మీద నిలబడి, ఆ తరువాత మీరొక్కరే నిలబడి, తేడా రాసిపెట్టుకోండి. ఇరవై కిలోలు ఇరవై రెండైతే ముందుగా అన్నం తగ్గించండి, గుడ్లు కాదు.